మారుతి 800 ఫ్యూయల్ ఫిల్టర్: రాణీగంజ్‌లో రెండు రకాలు కొని కోసి చూశాను

నమస్తే అండీ. వెనకాల కనిపిస్తున్నది మా 2004 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ. అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం. ఏపీ 09 నంబర్ ప్లేటు ఇంకా అలాగే ఉంది. పోయిన నెల నుంచి దీనికో జబ్బు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర బాగానే ఉంటుంది, గల్లీల్లో తిప్పితే ఏమీ తెలియదు. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కేసరికి మాత్రం దమ్ము పోతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ మొరాయిస్తుంది, కాస్త వదిలితే మళ్లీ అందుకుంటుంది.

ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే "ఫ్యూయల్ పంపు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నారు. ఇంజన్‌కి పోయే పెట్రోల్‌ని వడకట్టే ఫిల్టర్ చూశారా అని అడిగితే జవాబు లేదు. నాకు అక్కడే డౌట్ వచ్చింది. ఐడిల్‌లో ఇంజన్ తాగే పెట్రోల్ చాలా తక్కువ, సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా అంత ఇచ్చేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడే దాని బండారం బయటపడుతుంది. పంపు నీరసించినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, నిజమే. కానీ ముందు తక్కువ ఖర్చుదే చూసుకోవాలి కదా.

ఇంతకీ ఈ ఫిల్టర్ ఎక్కడుంటుంది? పాత కార్బురేటర్ బళ్లలో వాడే ప్లాస్టిక్ ఫిల్టర్లు పారదర్శకంగా ఉండేవి, లోపల మట్టి చేరితే కళ్లకే కనిపించేది. నా బండిలో అలా కాదు. వెనక వైపు, కార్ కింద, ట్యాంకు పక్కన ఇనుప డబ్బాలా ఉంటుంది. వేరే మోడల్ అయితే ట్యాంకు నుంచి బయల్దేరిన పైపునే పట్టుకుని వెళ్లండి. కొన్ని బళ్లలో ఫిల్టర్ పంపుతో పాటు ట్యాంకు లోపలే ఉంటుంది, దాని జోలికి ఇంట్లో పోకండి.

విప్పే ముందు ఒక్క మాట. ఎంపీఎఫ్ఐ లైన్‌లో సుమారు 3 బార్ ప్రెషర్ ఉంటుంది. పైపు నేరుగా పీకితే పెట్రోల్ మొహం మీదకి చిమ్ముతుంది. పంపు ఫ్యూజో రిలేయో తీసి ఇంజన్ స్టార్ట్ చేయండి, అదే ఆగిపోతుంది. ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, ఇంజన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు, స్టాండ్ పెట్టండి. పక్కన సిగరెట్ తాగే దోస్తు ఉంటే ముందు చాయ్‌కి పంపించేయండి.

ఇదిగో పాత ఫిల్టర్. ట్యాంకు వైపు మూతి నుంచి ఈ తెల్ల గిన్నెలోకి వంపుతున్నా, చూడండి. డికాక్షన్ రంగు! అడుగున నల్లటి నలుసులు, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరమంటున్నాయి. ఇది ట్యాంకు తుప్పు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో పేరుకున్న జిగురునూ కరిగిస్తుంది. అదంతా వచ్చి చేరేది ఈ డబ్బాలోకే.

ఇక రివ్యూ. సికింద్రాబాద్‌లో స్పేర్ పార్టులు దొరికే రాణీగంజ్‌లో అడగ్గానే షాపతను "కంపెనీదా, లోకల్‌దా భయ్యా?" అన్నాడు. రెండూ ఒక్కో జత తెచ్చాను, ఒక్కోటి హాక్సాతో కోశాను. కంపెనీ దాంట్లో పేపర్ మడతలు ఇస్త్రీ చేసిన చీర కుచ్చిళ్లలా దగ్గర దగ్గరగా, సమంగా ఉన్నాయి. లోకల్ దాంట్లో మడతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పైగా ఒక చివర గమ్ము అంటనే లేదు. అంటే పెట్రోల్ పేపర్‌లోంచి పోకుండా పక్క సందులోంచి పోతుంది. ఫిల్టర్ ఉన్నా లేనట్టే. పైకి పెయింట్ మాత్రం దానిదే ఎక్కువ మెరుస్తోంది! అలాగే కార్బురేటర్ బండి ప్లాస్టిక్ ఫిల్టర్‌ని ఎంపీఎఫ్ఐకి పెట్టకండి, ఆ ప్రెషర్‌కి పగిలిపోతుంది.

బిగించేటప్పుడు డబ్బా మీదున్న బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. క్లిప్పులు కొత్తవి వేయండి, రబ్బరు పైపు వంచి చూసి పగుళ్లుంటే అదీ మార్చండి. తర్వాత ఫ్యూజు, బ్యాటరీ పెట్టి, స్టార్ట్ చేయకుండా కీ రెండు మూడు సార్లు ఆన్ చేయండి. పంపు కాసేపు జుయ్యిమని ఆగుతుంది, లైన్ నిండుతుంది. అప్పుడు కింద టార్చి వేసి చూడండి. ఒక్క చుక్క కారినా స్టార్ట్ చేయొద్దు.

చాలామంది అడిగే ఇంకో మాట: రిజర్వ్‌లో నడిపితే అడుగున చెత్త లాగేస్తుందా? పంపు ఎప్పుడూ లాగేది అడుగు నుంచే అండీ. అసలు నష్టం వేరే. ట్యాంకులో ఉండే పంపు పెట్రోల్‌లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. అందుకే నేను పావు ట్యాంకు కంటే కిందికి రానివ్వను. ఫిల్టర్ అయితే 20,000 కిలోమీటర్లకో రెండేళ్లకో మారుస్తా. మాన్యువల్ అంతకన్నా ముందే మార్చమంటే దాన్నే పాటించండి.

నిన్న అదే ర్యాంపు మళ్లీ ఎక్కించాను, పక్కన మా ఆవిడ, వెనక రెండు బియ్యం బస్తాలు. థర్డ్ గేర్‌లోనే ఎక్కేసింది.