అరకులోయ: ఖనిజం కోసం వచ్చిన రైలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగంలో అరకులోయ భూగోళం, చరిత్ర గురించి మాట్లాడుకుందాం. భూగోళశాస్త్రం బోధించిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, లోయలోకి దిగాలి కదా, అరకుకు ఎందుకు ఎక్కవలసి వస్తుంది?

అతిథి: నమస్కారమండీ. అరకు కొండల నడుమ ఉన్న పల్లమే అయినా, ఆ పల్లమే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా తూర్పుకనుమలు ఎక్కితేగాని అది కనిపించదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల సున్నపురాతిని తొలుచుకొని, తాటిపూడి జలాశయం మీదుగా భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. పడమటి మన్యంలోని మాచ్‌ఖండ్ నీళ్లు మాత్రం సీలేరై, శబరిలో కలిసి, గోదావరికి చేరతాయి.

వ్యాఖ్యాత: ఆ ఎత్తున బతుకుతున్నవారు ఎవరండీ?

అతిథి: బగత, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోందు, వాల్మీకి తెగలవారు. ద్రావిడ కుటుంబానికి చెందిన కువి, ముండా కుటుంబానికి చెందిన గదబ, ఒడియాకు దగ్గరైన ఆదివాసీ మాట, వాటితోపాటు తెలుగు, ఇన్ని వినిపించే ప్రాంతాలు మన రాష్ట్రంలో అరుదు. రాగులు, సామలు, వలిసెలు ఇక్కడి పాత పంటలు. సందర్శకులు ఫొటోలు దిగే పసుపు పూల చేలు వలిసెలవే, అది నూనెగింజ పంట అని చాలామంది గమనించరు.

వ్యాఖ్యాత: అరకు అనగానే అందరూ రైలు ప్రయాణాన్నే తలుచుకుంటారు.

అతిథి: ఆ రైలుమార్గం ప్రయాణికులను ఉద్దేశించి వేసినది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతపు బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి, 1960 దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు దాదాపు 445 కిలోమీటర్ల మార్గాన్ని నిర్మించారు. 50కి పైగా సొరంగాలు తవ్వి, సిమిలిగుడ దగ్గర సుమారు 1,000 మీటర్ల ఎత్తుకు బ్రాడ్‌గేజ్ పట్టాలు తీసుకెళ్లారు. 2017లో అద్దాల బోగీ వచ్చినా, ఈ మార్గానికి ప్రధానమైన పని నేటికీ ఖనిజ రవాణాయే.

వ్యాఖ్యాత: అంటే ఆ ఖనిజం బస్తరుది, దారి మాత్రం అరకుది. మరి ఈ కొండల్లో ఖనిజాల మాటేమిటి?

అతిథి: అసలు కథ అక్కడే ఉందండీ. షెడ్యూల్డు ప్రాంతాల్లో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతాల్లో, గిరిజనేతరుల మధ్య సైతం భూమి చేతులు మారకూడదని 1959 నాటి నిబంధనలను 1970లో బిగించారు. 1/70 చట్టమని మన్యంలో అందరూ చెప్పుకొనేది దీన్నే. అయినా అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వం గనుల లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ దీనిపై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భూమి బదిలీ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అక్కడి భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. ఒక చిన్న కొండప్రాంతం వివాదంలో వచ్చిన ఆ తీర్పు దేశంలోని షెడ్యూల్డు ప్రాంతాల చర్చలన్నిటిలో ప్రస్తావనకు వస్తుందంటే, దాని బరువును మీరే అంచనా వేసుకోవచ్చు.

వ్యాఖ్యాత: ఇక్కడి కాఫీ తోటలు గిరిజనుల చేతుల్లోనే ఉండడానికి ఈ భూమి బదిలీ నిషేధం కూడా కారణమా?

అతిథి: నా ఉద్దేశంలో ప్రధాన కారణం ఇదే. కాఫీ అంటే పెద్ద ఎస్టేట్లను ఊహించుకొని వచ్చేవారు, ఇక్కడి చిన్న చిన్న కమతాలను చూసి ఆశ్చర్యపోతారు. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకించిన మిరియాల తీగలు, కింద అరబికా మొక్కలు ఉంటాయి. పోడు కోసం అడవి నరకడం కంటే ఇది నేలకు మేలు. పండిన కాయలను చలికాలంలో ఏరతారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన సహకార సంస్థ కూడా ఈ పంటను కొంటుంది కాబట్టి, సంతకు వచ్చే వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చేయవలసిన అవసరం రైతుకు ఇప్పుడు కొంత తగ్గింది.