హస్తవాసి ఉన్న చేతికీ నిద్ర కావాలి

వేదిక మీది పెద్దలకు, తోటి డాక్టర్లకు, సిస్టర్లకు నమస్కారం. వెనక వరుసలో కూర్చున్న హౌస్ సర్జన్లలో కొందరు నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చారని మీ కళ్లు చూస్తేనే తెలుస్తోంది. నేను మాట్లాడుతుండగా కునుకు పడితే పడనివ్వండి, తమ్ముళ్లూ. నేనేమీ అనుకోను.

నేను మత్తు డాక్టర్ని. ఇరవై ఆరేళ్లుగా మన నెల్లూరు పొగతోటలో ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకో నర్సింగ్ హోమ్‌కి తిరుగుతూ పనిచేస్తున్నాను. పొద్దున్నే సిజేరియన్, ఆ తర్వాత తుంటి ఎముక, మధ్యాహ్నం గాల్‌బ్లాడర్, రాత్రికి హైవే మీద నుంచి వచ్చిన యాక్సిడెంట్. ఎవరు పిలిచినా కాదనని మనిషిగా నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం కూడా.

పదకొండేళ్ల కిందట ఒక రాత్రి జరిగింది చెబుతాను. ముందు రోజు పొద్దున లేచినవాణ్ణి, తెల్లవారుజామున నాలుగింటికి ఒక సిజేరియన్‌లో నిలబడి ఉన్నాను. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాను. బిడ్డ బయటికి వచ్చాడు. తల్లి మెలకువగా ఉంది, వికారంగా ఉందంది. వాంతులు తగ్గే మందు సిరంజిలోకి ఎక్కించుకోబోయి, పక్కనే ఉన్న కండరాలు సడలించే మందు ఆంప్యూల్ చేతిలోకి తీసుకున్నాను. అది పడితే స్పృహలో ఉన్న మనిషికి ఊపిరి ఆగిపోతుంది, నోరు పెగలదు. ఆంప్యూల్ మెడ విరవబోతుంటే సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. "సార్, అది కాదు సార్" అంది, మెల్లగా, ఆ తల్లికి వినపడకుండా. ఆ సిస్టర్ రుణం నేను తీర్చుకోలేను. ఆ మందు గురించి తెలియక కాదు, ఇరవై రెండు గంటలుగా నిద్ర లేక చేశాను ఆ పని.

1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు నిద్రలేమిని మద్యం మత్తుతో పోల్చి కొలిచారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చెయ్యి, చూపు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడిలా పనిచేస్తాయి. ఇరవై నాలుగు గంటలు దాటితే దాదాపు 100 మిల్లీగ్రాములు. మన దేశంలో 30 దాటితే బండి నడపకూడదు. ఆ రాత్రి నేను థియేటర్‌లో ఏ స్థితిలో ఉన్నానో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అలసట డాక్టర్లందరికీ ఉంది. కానీ దాన్ని చూసే తీరు ఒక్కో బ్రాంచ్‌లో ఒక్కోలా ఉంది. సర్జన్ల దగ్గర, ఎంతసేపు నిలబడగలిగితే అంత మొనగాడు. చీఫ్ తన కాలంలో మూడు రోజులు ఇంటికి వెళ్లలేదని చెబితే, ఆ పిల్లలు నాలుగు రోజులు వెళ్లకుండా ఉండాలని చూస్తారు. స్కిన్, రేడియాలజీ వాళ్లను సుఖపడేవాళ్లు అంటాం. నాకు ఆ మాట బాధగా ఉంటుంది. రోజంతా చీకటి గదిలో సీటీ ఫిల్మ్ మీద ఫిల్మ్ చూసే కన్ను అలసిపోదా? ఆ కంటికి ఒక చిన్న మచ్చ కనపడకపోతే ఒకరి క్యాన్సర్ దాటిపోతుంది. మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు ఈ బ్రాంచ్‌లు కోరుకుంటుంటే కష్టపడటం ఇష్టం లేదని తిట్టుకుంటాం. వాళ్లు మనల్ని చూసే ఆ నిర్ణయానికి వచ్చారని నా నమ్మకం.

క్యాజువాల్టీలో మాత్రం ఎనిమిదయితే డ్యూటీ డాక్టర్ కేసు షీట్లు అప్పగించి ఇంటికి వెళతాడు. అతన్ని ఎవరూ బద్ధకస్తుడు అనరు. అక్కడ అంత సులువుగా జరిగే పని గైనకాలజీలో, జనరల్ మెడిసిన్‌లో ఎందుకు జరగదు?

నాకు అర్థమైనంతలో, హస్తవాసి వల్ల. మనవాళ్లకు హస్తవాసి మీద గురి ఎక్కువ. ఫలానా డాక్టరమ్మ చేతి మీదే పురుడు పోయాలంటారు. మత్తు డాక్టర్ హస్తవాసి ఎవరూ అడగరు. నా బదులు ఇంకొకరు వచ్చినా పేషెంట్‌కు తెలియదు. అందుకే నేను వంతుల పద్ధతికి మారగలిగాను. ఆ డాక్టరమ్మకు మాత్రం ఆ వీలు లేదు. దానికి తోడు, ఈ రాత్రి కాదంటే ఆ కుటుంబం పక్క ఆసుపత్రికి పోతుంది. స్కానింగ్ మెషిన్ మీద బ్యాంకు వాయిదాలు నడుస్తుంటాయి. డబ్బు మాట దాచిపెట్టి సేవ గురించే మాట్లాడితే సగమే చెప్పినట్టు.

మా సీనియర్ అక్కయ్య ఒకరున్నారు. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. మంచం పక్కనే బెల్లు. ముప్పై ఏళ్లు ఆ బెల్లు మోగితే లేచారు. జ్వరంతో దిగారు, కూతురి నిశ్చితార్థం మధ్యలోంచి దిగారు. వందల మందికి షుగర్ పరీక్షలు రాసిన మనిషి తనది చూసుకోలేదు. ఒక తెల్లవారుజామున మెట్ల మీద పడిపోయారు. షుగర్ నాలుగు వందలు దాటి ఉంది.

కోలుకున్నాక ఆమె ఒక పని మొదలుపెట్టారు. ఏడో నెల చెకప్‌కి వచ్చినప్పుడే ఇంకో డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టి, "మా ఇద్దరిలో ఎవరి వంతు ఉంటే వాళ్లు పురుడు పోస్తాం" అని చెప్పడం. మొదట్లో కొందరు వెళ్లిపోయారు. ఒకరోజు ఇందుకూరుపేట వైపు నుంచి కోడల్ని తీసుకొచ్చిన ఒక పెద్దామె అంతా విని, "రొయ్యల గుంట కాడ మా వోళ్లే ఇద్దరు వంతులేసుకుంటారు కదమ్మా, నువ్వొక్కదానివే రేయంతా యాడ మేలుకుంటావు?" అందట. తెల్లారగట్ల గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు కాపలా మనిషికి కన్ను మూతపడితే పంట పోతుందని ఆమెకు తెలుసు. జనం ఒప్పుకోరని మనం అనుకున్నాం గానీ, మనం వాళ్లను ఎప్పుడైనా అడిగామా?

సేవ అనగానే ఈ ఊళ్లో కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారి పేరు చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన తనొక్కడే అందరికీ వైద్యం చేయాలనుకోలేదు. ప్రజావైద్యశాలలో తన చుట్టూ వైద్యుల్ని తయారుచేశారు, వైద్య సహాయకులకు శిక్షణ ఇచ్చారు. మనం ఆయన త్యాగం గుర్తుపెట్టుకుని, ఆ పక్కన నిలబడ్డ మనుషుల్ని మరిచిపోతున్నాం.

పీజీ పిల్లలకు ఒక మాట. రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే రాసింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. ఆ కాగితాలకూ మీ వార్డులకూ ఎంత దూరమో నాకు తెలుసు. మీరు అడగలేరు, మార్కులు మా చేతుల్లో ఉంటాయి. కాబట్టి ఇది సీనియర్లం మేం మొదలుపెట్టాల్సిన పని. రౌండ్స్‌లో కేసు గురించి అడిగే ముందు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని అడగాలి. తక్కువ చెబితే ఆ రోజు కత్తి చేతికివ్వకూడదు, ఇంటికి పంపించాలి. ప్రపంచ వైద్య సంఘం 2017లో డాక్టర్ల ప్రతిజ్ఞను మార్చినప్పుడు, నా ఆరోగ్యాన్ని కూడా చూసుకుంటానన్న మాట అందులో చేర్చింది. రోగికి మంచి వైద్యం అందాలంటే అది కావాలనే చేర్చింది.

ఆ రాత్రి తర్వాత మేం ఏడుగురు మత్తు డాక్టర్లం ఒక వంతుల పట్టిక రాసుకున్నాం. పదహారు గంటలు దాటినవాడు ఫోన్ చేసి "అలసిపోయాను, నువ్వు రా" అంటే రెండోవాడు కారణం అడగకుండా వెళ్లాలి. మొదటిసారి ఆ ఫోన్ చేయడానికి నాకు అరగంట పట్టింది. గొంతు రాలేదు. అవతలి నుంచి "పది నిమిషాల్లో వస్తున్నా అన్నా" అని వినపడ్డాక కుర్చీలో కూలబడి ఏడ్చాను.

గైనిక్, పీడియాట్రిక్స్ వాళ్ల కోసం అలాంటి పట్టికే ఖాళీగా గీసి, బయట టీ బల్ల మీద పెట్టాను. మొదటి పేరు అక్కయ్య రాశారు. వచ్చే నెల రెండో ఆదివారం రాత్రి ఇంకా ఎవరూ లేరు. వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి.