వెయ్యి పౌండ్ల ఆటగాడు ఆల్ఫ్ కామన్

1905 ఫిబ్రవరి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అప్పటి పై స్థాయి లీగ్ ఫస్ట్ డివిజన్‌లో మిడిల్స్‌బ్రో క్లబ్ పరిస్థితి ఏమీ బాగాలేదు. సొంత గ్రౌండ్ దాటి వెళ్లి గెలిచి దాదాపు రెండేళ్లు. ఇలాగే సాగితే సెకండ్ డివిజన్‌కి పడిపోవడం ఖాయం. అప్పుడు క్లబ్ తెగించింది. సండర్లాండ్ నుంచి ఆల్ఫ్ కామన్ అనే ఫార్వర్డ్‌ని 1,000 పౌండ్లిచ్చి తెచ్చుకుంది. ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి అంత ధర పలకడం అదే మొదటిసారి.

ఫ్రెండ్స్, కామన్ పేరు ఎక్కడ వచ్చినా కథ ఆ వెయ్యి పౌండ్ల దగ్గరే ఆగిపోతుంది. నాకది అన్యాయం అనిపిస్తుంది. మనిషి ఆడాడండీ, గట్టిగా ఆడాడు!

పుట్టింది సండర్లాండ్‌లో, 1880లో. పొట్టిగా, బలిష్ఠంగా ఉండేవాడు. షెఫీల్డ్ యునైటెడ్‌కి వెళ్లి 1902లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో సౌతాంప్టన్ మీద గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ 1-1తో డ్రా అయితే, రీప్లేలో, అంటే మళ్లీ ఆడిన మ్యాచ్‌లో, కప్పు షెఫీల్డ్‌కే వచ్చింది. ఇంగ్లండ్ తరఫున 3 మ్యాచ్‌లు ఆడాడు. 1904లో 520 పౌండ్లకు మళ్లీ సండర్లాండ్ చేరాడు. కొన్ని నెలలకే మిడిల్స్‌బ్రో కబురొచ్చింది.

ఇక ఆ మొదటి మ్యాచ్. ఫిబ్రవరి 25న, ఎక్కడో కాదు, షెఫీల్డ్ యునైటెడ్ గ్రౌండ్ బ్రమాల్ లేన్‌లోనే. ఒకప్పుడు తన కోసం చప్పట్లు కొట్టిన జనమే ఎదుట ఉన్నారు. మిడిల్స్‌బ్రోకి పెనాల్టీ దొరికింది. బంతి దగ్గరికి వెళ్లింది కామన్. గోల్ పడకపోతే మర్నాడు పత్రికలు ఆ వెయ్యి పౌండ్లనే ఎత్తి చూపేవి. ఆ టెన్షన్ ఒక్కసారి ఊహించుకోండి. కొట్టాడు, గోల్! 1-0. రెండేళ్ల కరువు ఆ ఒక్క షాట్‌తో తీరింది. సీజన్ ముగిసేసరికి మిడిల్స్‌బ్రో గండం గట్టెక్కింది.

బయట మాత్రం గోల మొదలైంది. సంతలో పశువుల్లా మనుషుల్ని కొంటారా అని విమర్శలు వచ్చాయి. 1908లో ఇంగ్లండ్ ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్, ట్రాన్స్‌ఫర్ ధర (ఆటగాడి కోసం ఒక క్లబ్ మరో క్లబ్‌కిచ్చే డబ్బు) 350 పౌండ్లు దాటకూడదని నియమం పెట్టింది. క్లబ్బులు దాన్ని తప్పించుకునే దారులు వెతుక్కోవడంతో కొన్ని నెలల్లోనే ఎత్తేసింది.

నన్ను బాధపెట్టేది వేరే లెక్క. ఆ వెయ్యి పౌండ్లు వెళ్లింది సండర్లాండ్ క్లబ్ ఖాతాలోకి. ఆటగాడి జీతం ఎంత ఉండొచ్చు? 1901 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం వారానికి 4 పౌండ్లు, అంతకు మించకూడదు. అంటే కామన్ తన ధరంత డబ్బు జీతంగా సంపాదించాలంటే దాదాపు ఐదేళ్లు ఆడాలి!

మిడిల్స్‌బ్రోలో 1910 దాకా ఉన్నాడు, యాభైకి పైగా గోల్స్ కొట్టాడు. తర్వాత వూలిచ్ ఆర్సెనల్, ఆ తర్వాత ప్రెస్టన్. 1913లో ప్రెస్టన్ సెకండ్ డివిజన్ టైటిల్ గెలిచిన జట్టులో ఆయనా ఉన్నాడు. 1914లో ఆట మానేసి, డార్లింగ్టన్‌లో పబ్ నడుపుకున్నాడు. 1946లో కన్నుమూశాడు. జీతాల మీద ఆ పరిమితి మాత్రం 1961 దాకా పోలేదు.