మా జైలు కుక్క పెన్నీ

నమస్కారమండీ. కుక్కను తెచ్చుకున్నామని చెప్పగానే అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "ఏం జాతి?" దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి వచ్చిందమ్మా, జాతేమిటో వాళ్లకే తెలీదు, పది వారాలు జైల్లో ఉండి ట్రైనింగ్ అయి వచ్చింది అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "జైల్లోనా? ఏం నేరం చేసిందే అది?"

దాని పేరు పెన్నీ. ఇప్పుడు ఈ గదిలోనే ఉంది గానీ మీకు కనబడదు. సోఫాకీ గోడకీ మధ్య ఇరుకు సందు ఉంది చూశారా, అందులో. నేను పిలవను. దానంతట అది వస్తే చూద్దురు గాని.

సరే, అమ్మ ప్రశ్నకు జవాబు. నేరం కుక్కది కాదు, దానికి చదువు చెప్పిన పంతుళ్లది. అమెరికాలో చాలా జైళ్లలో ఈ పద్ధతి ఉంది. షెల్టర్‌లో ఎవరూ తీసుకోని కుక్కల్ని కొన్ని వారాలు ఖైదీలకు అప్పగిస్తారు. ఈ దారిలో మొదట పేరు తెచ్చుకున్న వాటిలో ఒకటి 1981లో వాషింగ్టన్ రాష్ట్రం, గిగ్ హార్బర్ దగ్గర ఆడవాళ్ల జైల్లో మొదలైంది. దాని వెనక ఉన్నావిడ సిస్టర్ పౌలీన్ క్విన్. చిన్నతనంలో ఇల్లు వదిలి, వీధుల్లోనూ రకరకాల సంస్థల్లోనూ నలిగిపోయిన మనిషి. ఒక జర్మన్ షెపర్డ్ తోడయ్యాకే ఆమెకు ధైర్యం వచ్చింది. ఆ ఊతం లోపలున్న ఆడవాళ్లకూ దొరకాలని పట్టుబట్టింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పశువైద్య కళాశాల డీన్‌గా ఉన్న లియో బుస్టాడ్ ఆమెకు అండగా నిలిచాడు. తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. న్యూయార్క్‌లో 1997లో మొదలైన పప్పీస్ బిహైండ్ బార్స్ లాంటివి కుక్కపిల్లల్ని పెంచి సర్వీస్ డాగ్స్‌గా, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి పనుల్లో సాయపడే కుక్కలుగా తయారుచేస్తాయి. మా పెన్నీది అంత పెద్ద చదువేం కాదు. నలుగురిలో మసలడం నేర్పే బడి, అంతే.

మామూలుగా ఒక్కో కుక్కకి ఒకరో ఇద్దరో ఖైదీలు. కుక్క పడుకునే బోను, క్రేట్ అంటారు, అది వాళ్ల సెల్‌లోనే ఉంటుంది. తిండి, స్నానం, నడక, పాఠం, రాత్రి లేచి మూలిగితే ఓదార్చడం, అన్నీ వాళ్లవే. బయటి నుంచి ట్రైనర్ వచ్చి చూసి వెళ్తుంటారు. అడిగినవాళ్లందరికీ కుక్కను ఇవ్వరు. ప్రవర్తన బాగుండాలి. జంతువుల్ని హింసించిన కేసుంటే చాలా చోట్ల అసలు దగ్గరికే రానివ్వరు.

బిడియం ఉన్న కుక్కకి జైలెందుకో నాకు మొదట అర్థం కాలేదు. పెన్నీతో పాటు ఒక ఉత్తరం వచ్చింది, నాలుగు పేజీలు, పెన్సిల్‌తో, ఎక్కడా కొట్టివేత లేకుండా. రాసినాయన పేరు లేదు. "మొదటి పదకొండు రోజులు నా మంచం కింద నుంచి రాలేదు. నేను నేల మీద కూర్చుని, దాని వైపు చూడకుండా, పుస్తకం పైకి చదివేవాణ్ణి. పన్నెండో రోజు వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది. ఆ పూట భోజనానికి లేవలేదు."

ఇది షెల్టర్‌లో కుదురుతుందా? అక్కడ ఒక్కో మనిషి చేతికింద బోలెడు కుక్కలు, చుట్టూ మొరుగుళ్లు. పాపం, వాళ్ల తప్పు కాదు. మన ఇళ్లలో మాత్రం? నాకు పదకొండు రోజులు సెలవెవరిస్తారు? పిరికి కుక్కకి కావాల్సింది ఎటూ వెళ్లనక్కర్లేని మనిషి. ఆ మనిషి జైల్లో దొరికాడు.

ఇక నా నిర్వాకం వినండి. "ట్రైనింగ్ అయిన కుక్క" అనగానే భయం కూడా పోయుంటుందనుకున్నాను. వచ్చిన రోజు సాయంత్రమే ఆరుగురు స్నేహితుల్ని పిలిచాను. డోర్‌బెల్ మోగింది. పెన్నీ నిలబడిన చోటే ఒంటికి పోసేసింది. తర్వాత ఉత్తరం మళ్లీ తీశాను. మూడో పేజీలో రాసే ఉంది, ఇక్కడ డోర్‌బెల్ లేదు, పిల్లలు లేరు, అందరికీ ఒకే రంగు బట్టలు అని. సిట్, స్టే, హీల్ (కూర్చో, కదలకు, పక్కనే నడువు) అన్నీ వచ్చు దానికి. మిక్సీ అంటే ఏమిటో రాదు. కుక్కపిల్లకి లోకం అలవాటయ్యే వయసు సుమారు 3 నుంచి 14 వారాలు. అప్పుడు చూడనివన్నీ పెద్దయ్యాక ఒక్కొక్కటిగా, మెల్లగా పరిచయం చేయాల్సిందే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో మొదలుపెట్టిన కెనైన్ గుడ్ సిటిజన్ అనే కుక్కల మంచి నడవడి పరీక్షలో 10 అంశాలుంటాయి. జైలు కార్యక్రమం వాళ్లు పెన్నీ చేత అదీ రాయించారు. తొమ్మిది గట్టెక్కింది. కొత్త మనిషి వచ్చి తల నిమిరితే ఓర్చుకునే చోట తప్పింది. నాకు ముందే చెప్పారు కూడా, నేనే వినిపించుకోలేదు.

తమాషా ఏంటంటే గ్యారేజ్ తలుపు ధనధనా పడ్డా చెవి కూడా కదపదు. ఇనుప చప్పుళ్లు దానికి జోలపాట. తాళాల గుత్తి గలగలమంటే తోక ఊపుతుంది!

ఇలాంటి కుక్కను తెచ్చుకునేవాళ్లకి రెండు మాటలు. మొదటి వారాల్లో బయటికి తీసుకెళ్తే మెడపట్టీకి ఒక లీష్ (పట్టుకునే తాడు), ఒంటికి తొడిగే హార్నెస్‌కి ఇంకోటి కట్టండి. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుని పట్టీలోంచి తల లాగేసుకుని పారిపోతుంది. అలా పోయినది, మీరు పిలిచినా దగ్గరికి రాకపోవచ్చు. కుక్క చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్ వివరాల్లో మీ నంబర్ మార్పించడం మర్చిపోకండి. రెండోది, దాని మీదికి వంగకండి, కళ్లలోకి చూడకండి. పక్కకి తిరిగి కూర్చుని ఒక తిండి ముక్క దూరంగా విసిరి ఊరుకోండి. ఆవలిస్తున్నా, ఉత్తినే మూతి నాక్కుంటున్నా నిద్రో ఆకలో అనుకోకండి, టెన్షన్ పడుతుండొచ్చు. కొత్త ఇంటికి కుక్క మెల్లమెల్లగా అలవాటు పడటానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్ వాళ్లు ఒక లెక్క చెబుతారు. నన్నడిగితే అది కుక్క కోసం కాదు, మనం కంగారు పడకుండా చెప్పేది. మా దానికి వంటింటి గడప దాటడానికే ఆరు వారాలు పట్టింది.

ఈ పద్ధతిలో అంతా మంచే అనను. 2006లో కాన్సస్‌లోని లాన్సింగ్ జైలు నుంచి ఒక ఖైదీ కుక్క క్రేట్‌లో దాక్కుని, ఆ కార్యక్రమం నడిపేవాళ్ల వ్యాన్‌లోనే పారిపోయాడు. సాయం చేసింది ఆ కార్యక్రమం నడిపించే ఆవిడే. అమ్మకి ఈ కథ చెప్పలేదు, చెప్పను కూడా. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. అన్ని వారాలు పక్కనే పడుకున్న కుక్కను ఒక పొద్దున అప్పగించి, ఖాళీ క్రేట్ ఉన్న సెల్‌లోకి ఆయన తిరిగి వెళ్లాలి. ఉత్తరం చివర ఒకే కోరిక, వీలైతే ఒక ఫోటో. కార్యక్రమం వాళ్ల ద్వారా పంపాను. సోఫా వెనక నుంచి ముక్కు మాత్రమే పడింది అందులో. ఫరవాలేదు, ఆయన గుర్తుపడతాడు.

టైమెంతయింది? మూడు యాభై తొమ్మిది. ఆగండి, మాట్లాడకుండా ఉందాం. అమెరికా ఫెడరల్ జైళ్లలో సాయంత్రం 4 గంటలకు ఖైదీల్ని నిలబెట్టి లెక్కపెడతారు. పెన్నీ ఉండి వచ్చిన జైల్లోనూ అదే టైమట. లెక్క జరిగినంతసేపూ కుక్క క్రేట్‌లో ఉండాలి.

గోళ్ల చప్పుడు వినిపిస్తోందా? అదిగో, వచ్చింది. నా వైపు చూడదు, మీ వైపూ చూడదు. నేరుగా క్రేట్‌లోకి వెళ్లి, ఒక చుట్టు తిరిగి, కూర్చుంది.