హారంలో ఏ మొత్తం? ద్విముఖ పట్టిక నుంచి షరతుతో కూడిన సంభావ్యత

మిత్రులారా,

1912 ఏప్రిల్‌లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో, సంఖ్యాశాస్త్ర పాఠాల్లో తరచుగా వాడే లెక్క ప్రకారం, సిబ్బందిని, పిల్లలను కలుపుకొని 2,201 మంది ఉన్నారు. వీరిని అడ్డంగా ఆడ, మగ అనీ, నిలువుగా బతికినవారు, మరణించినవారు అనీ విడదీస్తే వచ్చేదే మన ద్విముఖ పట్టిక. ఆడవారి అడ్డువరుసలో బతికినవారు 344, మరణించినవారు 126, మొత్తం 470. మగవారి వరుసలో ఇవే 367, 1,364, 1,731. నిలువుగా కూడితే బతికినవారు 711, మరణించినవారు 1,490.

ఒక వ్యక్తి స్త్రీ అని ముందే తెలిస్తే, ఆమె బతికి ఉండే సంభావ్యత ఎంత? షరతు విధించగానే మగవారి వరుస మొత్తం లెక్కలోంచి తొలగిపోతుంది. ఇక మన పరిశీలనలో మిగిలేది 470 మందే కనుక, జవాబు 344/470, అంటే దాదాపు 0.73. లవాన్నీ హారాన్నీ 2,201తో భాగించి చూస్తే, స్త్రీ కావడం, బతకడం రెండూ కలిసి జరిగే సంభావ్యతను షరతు (స్త్రీ కావడం) నెరవేరే సంభావ్యతతో భాగించాలనే సూత్రమే కనిపిస్తుంది. పట్టిక చేతిలో ఉన్నప్పుడు అంత దూరం పోనక్కరలేదు.

ఇప్పుడు ప్రశ్నను తిరగేద్దాం. బతికిన వ్యక్తి స్త్రీ అయ్యే సంభావ్యత ఎంత? లవంలో అదే 344, హారంలో మాత్రం 711. జవాబు దాదాపు 0.48. పరీక్షల్లో తప్పు దొర్లేది భాగహారంలో కాదు, ఈ హారం ఎంపికలోనే. బయట దీని ఫలితం ఇంకా తీవ్రం. బతికినవారిలో సగానికి పైగా మగవారే కాబట్టి స్త్రీలకు ప్రాధాన్యం దక్కలేదని ఎవరైనా వాదించవచ్చు. అందులోని అంకె నిజమే, నిర్ణయం మాత్రం తప్పు. మగవారిలో బతికినది 367/1,731, అంటే కేవలం 0.21, అయినా ఓడలో వారి సంఖ్య స్త్రీల సంఖ్యకు మూడున్నర రెట్లకు మించి ఉండడం వల్ల, ఆ చిన్న నిష్పత్తే 367 మందిని ఇచ్చింది. అవకాశాలను పోల్చాలంటే ఒక్కొక్క వరుసను దాని మొత్తంతోనే భాగించాలి.

స్త్రీపురుష భేదానికీ బతకడానికీ సంబంధం లేకపోతే రెండు వరుసల్లోనూ 711/2,201, అంటే 0.32కు దగ్గరి విలువే రావాలి. అప్పుడు బతికిన స్త్రీలు 152 మందికి అటూఇటూగా ఉండేవారు. 344కూ దానికీ ఎంత దూరమో చూడండి.

షరతును ఇంకా బిగించవచ్చు. మొదటి తరగతిలో ప్రయాణించిన 145 మంది స్త్రీలలో 141 మంది బతికారు. మూడో తరగతిలోని 196 మందిలో 90 మందే. ఒకటి 0.97, మరొకటి 0.46. మనం ఇంతకుముందు కనుగొన్న 0.73 ఈ రెండింటిలో దేనికీ దగ్గరగా లేదు. నాలుగు గడుల పట్టికలో తరగతి ప్రస్తావనే లేదు కనుక, ఈ తేడా కనబడాలంటే స్త్రీలను మాత్రమే తీసుకొని తరగతుల వారీగా మరో పట్టిక గీయవలసిందే.