చీనీ అంటు, గుర్రం సీరం

అందరికీ నమస్కారం. స్లైడ్లు తెచ్చుకున్నాను గానీ ఈ ప్రొజెక్టర్ నా మాట వినేలా లేదు. పోనీలెండి, బోర్డూ సుద్దముక్కా చాలు. నేనూ ఈ అనంతపురం జిల్లావాణ్ణే. మాకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, మిగతాది బుడ్డల చేను, అంటే వేరుశనగ. ఇప్పుడు బెంగళూరులో ప్రోటీన్ల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉద్యోగం. యాంటీబాడీలను, అంటే ఒంట్లో చొరబడ్డ శత్రువును పట్టుకునే ప్రోటీన్లను, మందులుగా ఎలా మలుస్తారో చెప్పమన్నారు, నేను మాత్రం పాముకాటు దగ్గర మొదలుపెడతాను.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు, బుడ్డలు పీకే రోజుల్లో, మా చిన్నాయన్ని రక్తపింజర కరిచింది. ఆస్పత్రికి తీసుకుపోతే ఆయన చేతిలోంచి కొంచెం నెత్తురు తీసి, గాజు గొట్టంలో పోసి, కదపకుండా పక్కన పెట్టారు. ఇరవై నిమిషాలు. నేను గోడ గడియారం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత గొట్టం వంచితే గడ్డకట్టాల్సిన నెత్తురు నీళ్ళలా జారింది. అంటే విషం పని మొదలుపెట్టిందని. వెంటనే పది సీసాల మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సగం ఎక్కిందో లేదో ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. విషం తలకెక్కిందనుకుని మా చిన్నమ్మ ఒకటే ఏడుపు. నిజానికి అది విషం పని కాదు, మందు పని. డ్రిప్ ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్ళీ నెమ్మదిగా ఎక్కించారు. బతికాడు.

ఎందుకలా అయిందంటే ఆ మందు గుర్రం నెత్తుటిలోంచి వచ్చింది. గుర్రానికి పాము విషం కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ పోతే దాని ఒంట్లో విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి, వాటినే తీసి మనకిస్తారు. 1890లో బెర్లిన్‌లో ఫోన్ బెరింగ్, కితసాటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ధనుర్వాతానికీ డిఫ్తీరియాకీ ఇలా జంతువు సీరం, అంటే నెత్తురు గడ్డకట్టాక మిగిలే ద్రవం, పనికొస్తుందని చూపించారు. నూట ముప్పై ఏళ్ళు దాటినా పాముకాటు దగ్గర మనం ఇంకా దాదాపు అక్కడే ఉన్నాం, ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఇదిగో, యాంటీబాడీ బొమ్మ. మన పంగలకర్ర లాగే ఉంది కదా. రెండు కొమ్మల కొసలు శత్రువును పట్టుకుంటాయి. కింది పిడి రెండు పనులు చేస్తుంది. ఒకటి, రోగనిరోధక కణాలను పిలుస్తుంది. రెండు, యాంటీబాడీని నెత్తుట్లో సుమారు మూడు వారాలు నిలబెడుతుంది. గుర్రం యాంటీబాడీలతో రియాక్షన్లు తగ్గించడానికి ఆ పిడిని పెప్సిన్‌తో కోసేసి, కొమ్మలు మాత్రమే ఇస్తారు. పెప్సిన్ అంటే మన కడుపులో తిండి అరిగించే ఎంజైమే. నన్నడిగితే మొదటి యాంటీబాడీ ఇంజనీరింగ్ అదే, కొడవలితో చేసిన ఇంజనీరింగ్! పిడి పోయినా కొమ్మలు గుర్రానివే కాబట్టి కొందరి ఒళ్ళు వాటిని కూడా ఒప్పుకోదు.

1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని తీసుకుని, చావు లేకుండా పెరిగే ఒక క్యాన్సర్ కణంతో కలిపేశారు. దాంతో ఒకే రకం యాంటీబాడీ ఎంత కావాలంటే అంత వచ్చింది. ఇలా వచ్చిన మొదటి మందు 1986లో, మార్చిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపడానికి. కానీ మళ్ళీ అదే గొడవ. మనిషి ఒళ్ళు ఎలుక యాంటీబాడీని పరాయిదని పసిగట్టి, దాని మీదే యాంటీబాడీలు తయారుచేసింది.

ఇక్కడ మా తోట గుర్తొస్తుంది. చీనీ మొక్కను విత్తనం నాటి పెంచరు కదా, జంబేరి నిమ్మ మొక్క మీద సాత్‌గుడి రకం చీనీ కన్ను తెచ్చి అంటు కడతారు. వేరు జంబేరిది, కాయ సాత్‌గుడిది. 1986లో గ్రెగ్ వింటర్ అనే శాస్త్రవేత్త బృందం చేసింది అచ్చం అదే. యాంటీబాడీ కొస మొత్తం శత్రువును తాకదు, తాకేవి ఆరు చిన్న మెలికలు మాత్రమే, అలాంటి మెలికలను ఎలుక యాంటీబాడీ నుంచి తీసి మనిషి యాంటీబాడీ మీద అంటు కట్టారు. అంటు కట్టగానే పని అయిపోలేదు. కన్ను ఎండిపోయినట్టు ఇక్కడ కూడా పట్టు సడలుతుంది. మెలికలను నిలబెట్టే పక్క భాగంలో రెండు మూడు అమైనో ఆమ్లాలను, అంటే ప్రోటీన్ గొలుసులోని పూసలను, మళ్ళీ ఎలుకవిగా మారిస్తే గానీ పట్టు తిరిగి రాదు. ఏవి మార్చాలో తేల్చుకోవడమే నాలాంటివాళ్ళ రోజువారీ టెన్షన్.

తర్వాత ఎలుకే లేకుండా మనిషి జన్యువుల నుంచే యాంటీబాడీలు ఏరే పద్ధతి వచ్చింది. కీళ్ళవాతానికి 2002లో అనుమతి పొందిన అడాలిముమాబ్ ఆ దారిలో వచ్చిందే. వింటర్‌కు 2018లో నోబెల్ వచ్చింది. మందుల షాపులో పేర్లు గమనించండి, సరదాగా ఉంటుంది. చివర జుమాబ్ అంటే అంటు కట్టినది, క్సిమాబ్ అంటే ఎలుకదీ మనిషిదీ కలిపినది, ఉత్త ఉమాబ్ అంటే పూర్తిగా మనిషిది. 2017 తర్వాత పెట్టిన పేర్లకు ఈ లెక్క పనిచేయదు, చెప్పలేదని నన్ను తిట్టుకోకండి.

పిడి ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ. బ్లినటుమొమాబ్ అని ఒక రకం రక్తక్యాన్సర్‌కు 2014లో వచ్చిన మందు ఉంది. దాని ఒక కొస క్యాన్సర్ కణాన్ని, రెండో కొస టీ కణం అనే మన రోగనిరోధక కణాన్ని పట్టుకుని రెండింటినీ ఎదురెదురుగా నిలబెడుతుంది. పిడి లేదు. అందుకని కొన్ని గంటల్లోనే నెత్తుట్లోంచి వెళ్ళిపోతుంది, రోగి నాలుగు వారాల పాటు రాత్రీపగలూ పంపు తగిలించుకుని ఉండాలి. ఆ మాట విన్నాక పిడిని చులకన చేయబుద్ధి కాదు.

ఇవి ఖరీదైన మందులే, కాదనను. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రక్తక్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు దేశీ రూపం తెచ్చింది, ధర కాస్త దిగింది, అయినా మన ఊళ్ళో వాళ్ళకు ఇంకా బరువే.

మళ్ళీ పాము దగ్గరికి. 2024లో బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ రీసెర్చ్ కలిసి మనిషి తరహా యాంటీబాడీ ఒకటి తయారుచేశాయి. నాగుపాము, కట్లపాము కుటుంబం విషంలో నరాలను పట్టేసే ఒక రకం పదార్థాన్ని అది ఆపింది. పరీక్షలు ఎలుకల మీదే జరిగాయి. మన చేన్లో తిరిగే రక్తపింజర వేరే కుటుంబం, దాని విషం ఒకటి కాదు, పది రకాల కలగలుపు. ఒక్క యాంటీబాడీ చాలదు, నాలుగైదు కలిపి ఇవ్వాలి, అవి గుర్రం మందు ధరకు దగ్గరగా రావాలి. పైగా ఒకే జాతి పాము విషం ఊరు మారితే మారుతుంది. ఇప్పుడు మనం వాడే గుర్రం మందు తయారీకి వాడే విషం ఎక్కువగా తమిళనాడులో ఇరుళర్ అనే గిరిజనుల సంఘం పట్టే పాములది.

మొన్న పండక్కి పోయినప్పుడు చిన్నాయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంటు సంగతి అర్థమయిందిలే అబ్బీ, రక్తపింజరకు ఎప్పుడొస్తుందో చెప్పు" అన్నాడు. ఇంకా రాలేదు చిన్నాయనా అన్నాను. ఆయన లేచి, గమ్‌బూట్లు వేసుకుని, చేనికి నీళ్ళు కట్టడానికి పోయాడు.

ఆ వెనక బెంచీలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తుతోంది. అడుగమ్మా.