లేటెక్స్ పరుపు: ఏ పొర పైన, ఏ పొర కింద?

ఇదిగో, నా వెనకాల గోడకి ఆనించి ఉన్నవి మూడూ కలిపి నా పరుపు. జిప్ తీసి ఒక్కో పొరా బయటికి లాగేసరికి చెమటలు పట్టాయి, ఎందుకంటే లేటెక్స్, అంటే రబ్బరు పాలతో చేసే ఫోమ్, చూడ్డానికి స్పాంజిలానే ఉంటుంది కానీ ఎత్తితే తెలుస్తుంది దాని సంగతి. ఘనపు మీటరుకి 75 కిలోల సాంద్రత అనుకోండి, మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పరుపు ఇరవై రెండున్నర కిలోలు తూగుతుంది. ఇద్దరు పడుకునే సైజు సంగతి ఇక చెప్పక్కర్లేదు. విడి పొరలుగా తీసుకుంటే మోసుకోవడం తేలిక, నిజమే, కానీ అసలు లాభం వేరే ఉంది. నచ్చకపోతే పరుపు మొత్తం పారేయక్కర్లేదు, ఒక్క పొర మార్చుకోవచ్చు, లేదా పైసా ఖర్చు లేకుండా ఉన్నవాటినే కిందా మీదా చేసుకోవచ్చు.

ఆ రెండోది నేను చేయలేదు. డబ్బులు పోయాక తెలిసొచ్చింది. ఆ ముచ్చట తరవాత, ముందు సరుకు గురించి రెండు మాటలు.

లేటెక్స్‌లో డన్‌లప్ అని, తలాలే అని రెండు పద్ధతులు. డన్‌లప్ పాతది, 1929 నాటిది. రబ్బరు పాలని నురగ వచ్చేదాకా చిలికి, అచ్చు నిండా పోసి, ఆవిరితో ఉడికిస్తారు. నురగ గడ్డకట్టేలోపు బరువైనదంతా కిందికి దిగుతుంది కాబట్టి ఒకే పొరలో కింది వైపు కొంచెం గట్టిగా రావచ్చు. చేత్తో రెండు వైపులా నొక్కి చూస్తే కొన్నిట్లో తేడా తెలిసిపోతుంది. తలాలేలో అచ్చు నిండా పోయరు, కొంత పోసి మూత బిగించి లోపలి గాలి లాగేస్తారు, అప్పుడు నురగ ఉబ్బి అచ్చంతా నిండుతుంది, ఆ తరవాత దాన్ని గడ్డకట్టించి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, చివర్లో ఉడికిస్తారు. పని ఎక్కువ, ధరా ఎక్కువే, కానీ పొర పైనుంచి కిందిదాకా ఒకేలా, తేలిగ్గా, నొక్కి వదిలితే పైకి ఎగిరినట్టుగా ఉంటుంది. (పొర నిండా కనిపించే ఆ చిల్లులు గాలి కోసమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉడికేటప్పుడు వేడి లోపలిదాకా వెళ్లాలని అచ్చులో పెట్టే మేకుల గుర్తులవి.)

ఇప్పుడు అందరూ తికమకపడే నంబరు, ఐఎల్‌డి, అంటే పొర ఎంత గట్టిదో చెప్పే కొలత. 50 చదరపు అంగుళాల గుండ్రటి బిళ్లతో నొక్కి, ఫోమ్ మందంలో నాలుగో వంతు అణిగేలా చేయడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో అదే ఐఎల్‌డి. 20 లోపు ఉంటే మెత్తన, 20 నుంచి 28 దాకా మీడియం, 30 దాటితే గట్టి అని ఉజ్జాయింపుగా గుర్తుపెట్టుకోండి. ఉజ్జాయింపే సుమా, ఒకరు మీడియం అని అమ్మేది ఇంకొకరి దగ్గర మెత్తనలో ఉంటుంది, అందుకే "మీడియం పంపండి" అని ఊరుకోకుండా నంబరు అడగండి. డన్‌లప్ అమ్మేవాళ్లు చాలాసార్లు ఐఎల్‌డి చెప్పరు, సాంద్రత చెప్తారు, ఒకే రకం డన్‌లప్‌లో సాంద్రత పెరిగేకొద్దీ గట్టిదనమూ పెరుగుతుంది కాబట్టి అదీ పనికొస్తుంది. ఒక మెలిక ఏంటంటే, ఆ నంబరు మొదటి నాలుగో వంతు గురించే చెప్తుంది. మీరు ఇంకా లోతుకి దిగితే డన్‌లప్ త్వరగా బిగుసుకుంటుంది, తలాలే ఇంకాస్త లోపలికి పోనిస్తుంది. అంటే ఒకే నంబరు ఉన్న రెండు రకాలు ఒంటికి ఒకేలా తగలవు.

సరే, పేర్చే సంగతి. మామూలుగా 3 అంగుళాల పొరలు మూడు, కింద గట్టిది, మధ్యలో మీడియం, పైన మెత్తనిది. చాలామంది పై పొర గురించే బుర్ర బద్దలుకొట్టుకుంటారు. నన్నడిగితే మధ్య పొర దగ్గరే ఎక్కువ ఆలోచించాలి. పక్కకి తిరిగి పడుకునేవాళ్ల భుజం, తుంటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, కొంచెం చోటు మీదే బరువంతా పడి పై పొర బాగా అణిగిపోతుంది, అక్కణ్ణుంచి మీరు ఆనేది మధ్య పొర మీదే. అదే వెల్లకిలా పడుకుంటే బరువు పరుచుకుంటుంది, అంత లోతుకి దిగరు. బోర్లా పడుకునేవాళ్లకి మాత్రం మెత్తనిది మందంగా వేస్తే కడుపు భాగం దిగిపోయి నడుము విల్లులా వంగుతుంది, వాళ్లకి పైన అంగుళమో రెండంగుళాలో మెత్తన చాలు. ఒళ్లు బరువైనవాళ్లు ఇవన్నీ ఒక మెట్టు గట్టిగా తీసుకోవాలి, సన్నగా ఉన్నవాళ్లు ఒక మెట్టు మెత్తగా, ఎందుకంటే 50 కిలోల మనిషి గట్టి పొర దాకా దిగనే దిగకపోవచ్చు.

ఇక నా కథ. నాది పక్కకి తిరిగి పడుకునే అలవాటు. పైన చెప్పిన మామూలు వరసే తెప్పించుకున్నాను. పది రోజులకే తెల్లవారుజామున భుజం తిమ్మిరెక్కడం మొదలైంది. పైన ఉన్నది మెత్తగా లేదని నిర్ణయానికొచ్చేసి, అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఆయన కూడా సంతోషంగా అవునండీ అన్నాడు, ఎందుకనడు! ఇంకా మెత్తన 2 అంగుళాల టాపర్, అంటే పరుపు మీద వేసుకునే విడి పొర, కొని పైన వేశాను. భుజం కాస్త నయం, కానీ వారానికి నడుము పట్టేసింది. 5 అంగుళాల మెత్తనలో తుంటి దిగిపోతుంటే నడుము నిలబడదు కదా. అప్పుడు కూడా బుద్ధి రాలేదు, కింద ఇంకా గట్టిది వేస్తే సరిపోతుందేమో అని లెక్కలు మొదలుపెట్టాను.

ఒకరోజు కవర్ మీద టీ ఒలికింది. ఉతికి ఆరేసి, ఆ రాత్రికి టాపర్ పక్కన పెట్టి, పొరల మీద పల్చటి దుప్పటి ఒకటి పరుచుకుని పడుకున్నాను. తెల్లారేసరికి భుజమూ బాగుంది, నడుమూ బాగుంది.

తప్పు పొరలది కాదు, కవర్‌ది. అది సాగని మందపాటి గుడ్డ, లోపల దూది కుట్టి, పొరల చుట్టూ బిగుతుగా జిప్ వేసేది. డోలు మీద తోలు బిగించినట్టు, కింద ఎంత మెత్తనిది పెట్టినా పైన గుడ్డ లోపలికి పోనివ్వదు. సాగే నేత గుడ్డ కవర్ వేసి, టాపర్ తీసేసి, పొరల వరస కూడా మార్చి చూశాను. మూడు పొరలంటే ఆరు వరసలు వస్తాయి, ఒక్కోదాని మీద నాలుగైదు రాత్రులు పడుకుని కాగితం మీద రాసుకున్నాను. నాకు కుదిరింది మీడియం పైన, మెత్తన మధ్యలో, గట్టి కింద. ఊబిలో దిగబడ్డట్టు ఉండదు, భుజానికి చోటూ దొరుకుతుంది. మీకు కుదిరేది ఇదే అని చెప్పను, కానీ ఏదైనా కొనేముందు కవర్ తీసి ఒక రాత్రి పడుకోండి, ఆ తరవాత వరస మార్చండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

ఇద్దరికీ పడకపోతే పై రెండు పొరలూ నిలువునా రెండు ముక్కలుగా అడగొచ్చు, ఎవరి వైపు వాళ్ల వరస. పొరల్ని జిగురుతో అతికించొద్దు, లేటెక్స్ మీద లేటెక్స్ దానంతటదే పట్టుకుంటుంది, పైగా అతికిస్తే మార్చుకునే వీలు పోతుంది. మంచానికి చెక్క బద్దలైతే సందులు 3 అంగుళాలు దాటకుండా చూసుకోండి, లేకపోతే కింది పొర సందుల్లోకి కూరుకుంటుంది.

ఆ టాపర్ ఏమైందంటారా. కవర్ లేకుండా కిటికీ పక్కన చుట్టి పెట్టి మర్చిపోయాను. లేటెక్స్‌కి ఎండ అస్సలు పడదు. ఇదిగో దగ్గరగా చూపిస్తాను, ఎండ తగిలిన వైపు పచ్చబడి పెళుసెక్కింది, గోటితో గీరితే చూడండి, పొడి రాలుతోంది.